ఇంటి వంట: తేలిందెంత, తేలనిదెంత

వంట ఇంట్లోనే చేసుకోవాలా, వీలు కానప్పుడు బయటి నుంచి తెచ్చుకున్నా ఫర్వాలేదా అన్న చర్చ కొత్తదేమీ కాదు. గత పది పదిహేనేళ్లలో మాత్రం అది బాగా చిక్కుపడింది. షుగరు, బీపీ పెరిగిపోతున్నాయి కాబట్టి ఇంటి తిండికి మళ్లమని డాక్టర్లు అంటున్నారు. ధరలు మండిపోతున్నాయి కాబట్టి ఇంట్లో వండుకుంటేనే గిట్టుబాటని నెలజీతాల వాళ్లు అంటున్నారు. వండేది ఎవరు, ఆ గంటలకు లెక్కేమిటి అని స్త్రీవాదులు అడుగుతున్నారు. మూడూ న్యాయమైన మాటలే. అయితే ఒక ప్రశ్నకు ఇంకో ప్రశ్న జవాబు చెప్పడం మనకు అలవాటైపోయింది. చాకిరీ గురించి అడిగితే ఆరోగ్యానికి మంచిదంటారు. ఆరోగ్యం గురించి అడిగితే ఖర్చు కలిసొస్తుందంటారు. ఖర్చు గురించి నిలదీస్తే అమ్మ చేతి రుచి గుర్తుచేస్తారు. చర్చ అక్కడితో ఆగిపోతుంది.

వంట అనగానే అందరికీ పొయ్యి దగ్గర గడిపే సమయమే గుర్తొస్తుంది. ఏం కొనాలి, ఎక్కడ కొనాలి, ఎంత కొనాలి, తెచ్చిన తోటకూర వాడిపోకముందే ఏ పూట వండాలి అన్నదీ వంటలో భాగమే. సరుకుల సంచీని కూడా కలుపుకుని చూస్తే పాత వాదాల్లో కొన్ని నిలబడవు, కొన్ని ఇంకా బలపడతాయి.

దంపుడు బియ్యం నాటి పేచీ

తెలుగు నేల మీద ఈ చర్చ మొదట బియ్యం చుట్టూ నడిచింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో కృష్ణా, గోదావరి డెల్టాల్లో రైస్ మిల్లులు పెరిగాయి. అంతకుముందు వడ్లు ఇంట్లో దంచుకునేవారు, స్తోమత ఉన్నవాళ్లు కూలికి దంపించుకునేవారు. మిల్లు పట్టిన బియ్యం తెల్లగా, తవుడు లేకుండా వచ్చాయి. ఆ రోజుల్లో ఉత్తర సర్కారులని పిలిచిన కోస్తా జిల్లాల్లో బెరిబెరి జబ్బు పాతుకుపోయి ఉండేది. తవుడుతో పాటు బి1 విటమిన్ పోవడమే దానికి మూలమని తర్వాత శాస్త్రం తేల్చింది. 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. తార్నాకలో ఇవాళ మన పళ్లేనికి కొలతలు చెబుతున్న సంస్థ ఇలా బియ్యం తిండితో వచ్చిన జబ్బును పరిశోధించడానికి పుట్టింది.

1934లో గాంధీజీ స్థాపించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం, దాని పనిని నడిపిన జె.సి. కుమారప్ప దంపుడు బియ్యాన్ని, గానుగ నూనెను గట్టిగా సమర్థించారు. తినేవాళ్ల ఆరోగ్యం, దంచేవాళ్ల బతుకుతెరువు వాళ్ల వాదనకు రెండు కాళ్లు. రోకటి పోటుకు ఆడవాళ్ల ఒళ్లు ఎంత హూనమవుతుందన్న సంగతికి అందులో దక్కిన చోటు తక్కువ. మిల్లు వచ్చాక ఏం జరిగిందో విడివిడిగా చూడాలి. ఇంట్లో దంచుకునే స్త్రీలకు రోకలి తప్పింది. దంపుడు కూలి మీద బతికే స్త్రీలకు పని పోయింది. తినేవాళ్లకు తవుడు పోయింది. ఒకే యంత్రం ముగ్గురికి మూడు ఫలితాలిచ్చింది. ఇంటి వంటకు సంబంధించి ఆ తర్వాత వచ్చిన ప్రతి మార్పూ ఇలాగే నడిచింది కాబట్టి మొత్తం మీద మంచా చెడా అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు దొరకదు.

గ్యాసు, గ్రైండరు, ప్యాకెట్టు

1950ల చివర మన దేశంలోనే ప్రెషర్ కుక్కర్ల తయారీ మొదలైంది. 1960ల నుంచి మిక్సీలు, ఆ తర్వాత వెట్ గ్రైండర్లు వంటింట్లోకి వచ్చాయి. మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ మళ్లీ మళ్లీ అచ్చయిన కాలమూ ఇదే. ఉద్యోగాల కోసం పుట్టిన ఊరు వదిలి, పక్కన అత్తో అమ్మో లేకుండా కాపురం పెట్టిన తరానికి కొలతలతో సహా వంట చెప్పే పుస్తకం కావాల్సి వచ్చింది. చేతి అంచనాలు చెంచాల్లోకి, గ్లాసుల్లోకి మారాయి.

1983లో రెండు ఘటనలు జరిగాయి. ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం తెచ్చింది. అదే ఏడాది మ్యాగీ నూడుల్స్ దేశంలో అమ్మకానికొచ్చాయి. రెండోదాని మీద రాసినన్ని వ్యాసాలు మొదటిదాని మీద రాలేదు కానీ, తెలుగు పళ్లేన్ని నిజంగా మార్చింది మొదటిదే. రాయలసీమ, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో జొన్న రొట్టె, రాగి సంగటి తినే ఇళ్లలో తెల్లన్నం రోజువారీ తిండి అయింది. ఆకలి తీర్చడంలో ఆ పథకం చేసిన మేలు చిన్నది కాదు. ఆ మార్పుకు ఇంకో కారణమూ ఉంది: జొన్నలు విసరడం, పిండి పిసకడం, రొట్టె తట్టడం కంటే ఎసట్లో బియ్యం పోయడం చాలా తేలిక. రొట్టెలు తట్టిన చేతులకే ఆ తేడా తెలుస్తుంది. చిరుధాన్యాలకు తిరిగి వెళ్దామనే వాళ్లు ఈ రెండో కారణాన్ని మర్చిపోకూడదు.

1999లో మళ్లీ రెండు. జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి, అదే ఏడాది దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది. మొదటిది కొనే పద్ధతిని, రెండోది వండే పద్ధతిని మార్చాయి. కట్టెల పొగ నుంచి స్త్రీల ఊపిరితిత్తులను కాపాడటంలో గ్యాసు పొయ్యికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు. సిలిండరు అయిపోతే మళ్లీ నింపించుకునే డబ్బు చాలా ఇళ్లలో సమస్యగానే మిగిలింది. తెలంగాణలో 500 రూపాయల సిలిండరు, ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు 2024లో వచ్చింది అందుకే.

ఇన్ని సాధనాలు వచ్చినా పని గంటలు ఎందుకు తగ్గలేదు? అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే తమ దేశపు ఇళ్ల మీద పుస్తకం రాసి దీనికి జవాబిచ్చారు. యంత్రాలు ఒంటి శ్రమను తగ్గించాయి, కానీ అంతకుముందు మగవాళ్లు, పిల్లలు, పనివాళ్లు పంచుకున్న పని గృహిణి ఒక్కదాని మీద పడింది, ఇల్లు ఎలా ఉండాలన్న ప్రమాణాలూ పెరిగాయి. మన దగ్గర దీనికి చక్కటి రుజువు పొద్దుటి టిఫిను. రుబ్బురోలు కాలంలో చాలా ఇళ్లలో ఇడ్లీ, దోశ పండక్కో చుట్టాలొస్తేనో చేసేవారు. రోజూ పొద్దున చద్దన్నమే, అందులో మజ్జిగ, పక్కన ఉల్లిపాయో ఆవకాయ ముక్కో. గ్రైండరు వచ్చాక టిఫిను రోజువారీ అయింది, దానికి రెండు రకాల పచ్చళ్లు తోడయ్యాయి. రుబ్బే కష్టం పోయి, రోజూ ఒక పూట వంట అదనంగా చేరింది.

ఆరోగ్యవాదుల దారులు

ఆహారం మీద బోధించి బాగా ప్రజాదరణ పొందినవాళ్లు తెలుగులో ఉన్నారు. వీళ్లలో ముగ్గురు ముఖ్యులు. మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె లేకుండా వండుకోవడం, మొలకలు, పండ్లు, నీళ్లు అన్న పద్ధతిని ఇంటింటికీ తీసుకెళ్లారు. 2017 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ దానికి దాదాపు ఎదురు దిశలో, పిండిపదార్థాలు బాగా తగ్గించి కొబ్బరినూనె లాంటి కొవ్వుల మీద ఆధారపడే పద్ధతి చెప్పారు. ప్రొద్దుటూరుకు చెందిన, మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు అనే ఐదు సిరిధాన్యాలను ముందుకు తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమూ అదే.

పళ్లెంలో ఏముండాలన్న దగ్గర ముగ్గురికీ పొంతన లేదు. ఒకరు వద్దన్న నూనెను ఇంకొకరు గ్లాసుతో తాగమంటారు. అయినా ముగ్గురిలో ఒక ఉమ్మడి మాట ఉంది: ఈ తిండి బజార్లో దొరకదు, ఇంట్లో చేసుకోవాల్సిందే. వైద్యపరంగా వాళ్ల పద్ధతుల మీద డాక్టర్లకు అభ్యంతరాలున్నాయి, ముఖ్యంగా మందులు మానేయమనే సలహాల మీద. ఆ చర్చ వైద్యులది. ఇక్కడ చూడాల్సింది వంటింట్లో ఏమైందన్నది. ఇంట్లో ఒకరు ఈ పద్ధతుల్లో ఏదో ఒకటి పట్టుకుంటే మిగతావాళ్లు మామూలు అన్నమే తింటారు, అప్పుడు వంట రెండుగా చీలుతుంది. సిరిధాన్యాలైతే గంటల తరబడి నానాలి, అంబలి రాత్రికి రాత్రి పులవాలి. రేపటి తిండి గురించి ఇవాళ సాయంత్రమే ఎవరో ఒకరు ఆలోచించి పెట్టుకోవాలి. ఆ ఆలోచించేవాళ్లు ఎవరన్నది ఏ ఉపన్యాసంలోనూ వినపడదు.

సిరిధాన్యాల చరిత్రలో పస్తాపూర్ పేరు మర్చిపోకూడదు. జహీరాబాద్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, వీటికి పట్టణాల్లో గిరాకీ రావడానికి చాలా ఏళ్ల ముందు నుంచే ఈ గింజలను పండించి, విత్తనం దాచి, వండుకుతిన్నారు. వాళ్లకది జబ్బుకు మందు కాదు, మెట్ట నేలల్లో వానను నమ్ముకున్న సేద్యం. పట్టణంలో అదే గింజ మంచి ప్యాకెట్లో సన్నబియ్యం కంటే ఎక్కువ ధర పలుకుతోంది.

ఇక శాస్త్రీయ సంస్థల మాట. జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో 17 సూత్రాలతో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. దేశంలో జబ్బుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడం కారణమని అందులో చెప్పింది. రోజుకు రెండు వేల కేలరీలు అవసరమైన మనిషికి 400 గ్రాముల కూరగాయలు, 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్లు, మాంసం, 27 గ్రాముల నూనె అని కొలతలు వేసింది. ఈ కొలతలను నెల చిట్టీలోకి మార్చి చూస్తే సంగతి బోధపడుతుంది. నలుగురున్న ఇంటికి రోజుకు 1.6 కిలోల కూరగాయలు, అంటే వారానికి 11 కిలోలు. వాటిని కొనాలి, మోయాలి, కడగాలి, తరగాలి. గోరుచిక్కుళ్లయితే ఒక్కొక్కటీ ఈనె తీయాలి. ఆకుకూరలైతే మట్టి పోయేదాకా మూడు నీళ్లు మార్చాలి. నూనె మాత్రం నెలకు మూడున్నర లీటర్లకు మించకూడదు. ఆ మార్గదర్శకాలు సరైనవే. వాటిని అమలు చేయడానికి రోజుకు ఎంత సమయం కావాలో కూడా లెక్కగట్టి చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

ఇంటి వంటంతా ఆరోగ్యకరం అన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని చెప్పింది. అదే అధ్యయనం నుంచి 2025లో వచ్చిన పత్రం ప్రకారం మనవాళ్ల కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. ఆ పిండిపదార్థాల్లో అత్యధిక భాగం హోటళ్లది కాదు, మన వంటిళ్లలో వండిందే.

బయటి తిండిలో ఏది చెడు అన్న ప్రశ్నకు ప్రపంచమంతా ఇప్పుడు వాడుతున్న కొలబద్ద బ్రెజిల్ నుంచి వచ్చింది. సావోపాలో విశ్వవిద్యాలయంలో కార్లోస్ మోంటేరో బృందం 2009 నుంచి రూపొందించిన నోవా వర్గీకరణ ఆహారాన్ని నాలుగు గుంపులు చేసింది. చివరిది అతిగా ప్రాసెస్ చేసిన ఆహారం. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండేసి వారాలు రెండు రకాల తిండీ పెట్టి చూసింది. అతిగా ప్రాసెస్ చేసిన తిండి తిన్నప్పుడు వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. ఇది చిన్న ప్రయోగమే అయినా బలమైనది. ఎందుకంటే రెండు పళ్లేల్లోనూ పెట్టిన చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు దాదాపు సమానం. తేడా తయారైన పద్ధతిలోనే ఉంది.

ఈ కొలబద్ద మన వంటింటికి తెచ్చేసరికి తడబడుతుంది. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె కలిపి జాడీలో పెట్టిన ఆవకాయ నోవా ప్రకారం ప్రాసెస్ చేసిన ఆహారమే, అయితే చివరి గుంపులోకి రాదు. అదే ఆవకాయలో కంపెనీ నిల్వ మందులు కలిపితే ఎటు వెళ్తుంది? బియ్యం, మినప్పప్పు, మెంతులు తప్ప ఇంకేమీ లేని ఇడ్లీ పిండి ప్యాకెట్‌ను మసాలా నూడుల్స్ పక్కన పెట్టడం అన్యాయం. ప్యాకెట్టే ప్రమాదం అన్న నినాదం ఈ తేడాను చెరిపేస్తోంది. 2024-25 ఆర్థిక సర్వే అతిగా ప్రాసెస్ చేసిన ఆహారం మీద హెచ్చరిక చేసింది గానీ, మన ఆహారాలకు సరిపోయే నిర్వచనం ఇంకా స్థిరపడలేదు.

ఖర్చు లెక్కలో వదిలేసింది

2019-20 ఆర్థిక సర్వేలో ‘థాలినామిక్స్’ అనే అధ్యాయం వచ్చింది. ఇంట్లో వండిన ఒక భోజనం పళ్లేనికి ఎంత ఖర్చవుతుందో, రోజువారీ కూలితో పోలిస్తే అది ఎంతో లెక్కవేసింది. క్రిసిల్ సంస్థ నెలనెలా ఇలాంటి లెక్కే ప్రకటిస్తుంది. ధాన్యం, పప్పు, కూరగాయలు, నూనె, మసాలాలు, గ్యాసు అన్నీ ఉంటాయి. వండినవాళ్ల కూలి మాత్రం ఉండదు. ఇంటి భోజనం హోటలు భోజనం కంటే చవక అన్న వాదన నిలబడేది ఈ ఖాళీ గడి మీదే. హోటలు ధరలో వంటమాస్టరు జీతం, గిన్నెలు తోమేవాళ్ల జీతం కలిసి ఉంటాయి. ఇంటి ధరలో ఆ రెండూ సున్నా.

దీన్నిబట్టి ఇంటి వంట ఖరీదైనదని తేల్చేయడమూ సరికాదు. కూలి పని చేసుకునే ఇంట్లో చేతిలో ఉన్న డబ్బు తక్కువ, పప్పుచారు అన్నంతో నలుగురు కడుపు నింపుకోవాలి. అక్కడ ఇంటి వంట ఒక ఎంపిక కాదు, ఉన్నది అదొక్కటే దారి. ఐదు రూపాయల భోజనం పెట్టే అన్న క్యాంటీన్ల ముందు, హైదరాబాద్‌లో అదే ధరకు భోజనం పెట్టే నగరపాలక సంస్థ కేంద్రాల ముందు నిలబడేది కూడా ఎక్కువగా పనికోసం ఇల్లు దాటిన కూలీలే. ఉమ్మడి వంటశాలలే పరిష్కారమని సామ్యవాదులు వందేళ్లుగా చెబుతున్న మాటకు మన దగ్గర కనిపించే రూపం ఇదే. రోజు గడవడానికి అది అక్కరకొచ్చింది, ఇంట్లో వంట స్థానాన్ని మాత్రం తీసుకోలేదు.

కుటుంబాల ఖర్చు సర్వేలు ఇంకో కోణం చూపిస్తాయి. మొత్తం ఖర్చులో తిండి వాటా పల్లెల్లో 2011-12లో 52.9 శాతం ఉంటే 2023-24లో 47 శాతం, పట్టణాల్లో 42.6 నుంచి 39.7 శాతం అయింది. పానీయాలు, ఉపాహారాలు, ప్రాసెస్ చేసిన ఆహారం అన్న పద్దు ఒక్కటే పల్లెల్లో దాదాపు 10 శాతం, పట్టణాల్లో 11 శాతం. ఈ అంకె చూసి జనం వంట మానేస్తున్నారని చాలామంది రాశారు. ఆ పద్దులో టీ కొట్టు దగ్గర తాగిన కప్పు టీ, చిప్స్ ప్యాకెట్టు, కొనుక్కున్న ప్లేటు భోజనం అన్నీ కలిసే ఉంటాయి. మేస్త్రీ మధ్యాహ్నం తిన్న భోజనం, పిల్లాడు బడి ముందు కొన్న కుర్‌కురేలు ఒకే అంకెలో కలిసినప్పుడు ఆ అంకె నుంచి నీతి తీయడం కష్టం.

చాకిరీ ప్రశ్న

తెలుగు సాహిత్యం ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకుంది. విమల ‘వంటిల్లు’ కవిత, పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథ తెలుగు స్త్రీవాదానికి గుర్తులుగా నిలిచిపోయాయి. ఇల్లు అలికే పనిలో పడి తన పేరే మర్చిపోయిన గృహిణి కథ చదివాక ఇంటి పనిని ‘ప్రేమ’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం కుదరదు. పాశ్చాత్య దేశాల్లో 1972లో మొదలైన ‘ఇంటి పనికి వేతనం’ ఉద్యమంలో సెల్మా జేమ్స్, మరియారోసా డల్లా కోస్టా, సిల్వియా ఫెదరీచీ లాంటివాళ్లు ఆ పనికి డబ్బు విలువ కట్టమన్నారు. మరికొందరు స్త్రీవాదులు దాన్ని వ్యతిరేకించారు కూడా. జీతమిస్తే ఆ పని స్త్రీలదేనని ఖాయం చేసినట్టవుతుందని వాళ్ల భయం. ఈ రెండు పక్షాల మధ్య వాదన ఇప్పటికీ తెగలేదు. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టే విషయంలో సుప్రీంకోర్టు 2021 జనవరిలో ఇచ్చిన తీర్పు ఆ పనికి విలువ ఉందని స్పష్టంగా చెప్పింది. కానీ ఆ విలువ మనిషి పోయాకే లెక్కకొస్తోంది.

జాతీయ సమయ వినియోగ సర్వే 2019 ప్రకారం జీతం లేని ఇంటి పనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పాల్గొన్న మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. అసలు పాల్గొన్నవాళ్లే స్త్రీలలో 81 శాతం, పురుషుల్లో 26 శాతం. 2024 సర్వేలో ఈ నిమిషాలు 289, 88 అయ్యాయి. స్త్రీల సమయం తగ్గిందని సంతోషించేవాళ్లు పక్కనున్న రెండో అంకె కూడా చూడాలి. మగవాళ్ల నిమిషాలు కూడా తగ్గాయి. అంటే స్త్రీల చేతిలోంచి జారిన పని మగవాళ్ల చేతిలోకి రాలేదు. ఎక్కువ భాగం బజారుకు, యంత్రాలకు వెళ్లిందనుకోవాలి.

కులం మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఇంటి వంటే పవిత్రం, బయటి కూడు తినకూడదు అన్న పట్టింపు ఆరోగ్యం కోసం పుట్టింది కాదు. మడి కట్టుకుని వండటం, ఎవరి చేతి నీళ్లు ముట్టాలో నిర్ణయించడం, బోర్డు మీద కులం పేరు రాసుకున్న భోజన హోటళ్లు అన్నీ ఆ పట్టింపులోవే. ఇవాళ అదే మాటను శుభ్రత పేరుతో, నాణ్యత పేరుతో వింటున్నప్పుడు అందులో ఎంత శాస్త్రం, ఎంత పాత అలవాటు అని వేరుచేసి చూడటం అవసరం. ఆ వేరుచేసే పని ఆరోగ్యవాదులు ఇంతవరకు చేయలేదు.

కర్రీ పాయింటు

తెలుగు పట్టణాలు ఈ చర్చకు తమదైన జవాబును ఏ సిద్ధాంతమూ లేకుండా కనిపెట్టాయి. దాని పేరు కర్రీ పాయింటు. సాయంత్రం ఆరు దాటాక ఏ కాలనీ మలుపులోనైనా కనిపిస్తుంది. స్టీలు గిన్నెల్లో దొండకాయ వేపుడు, ముద్దపప్పు, గోంగూర, సాంబారు, చికెన్ కూర. గరిటెతో తీసి పల్చటి కవర్లో పోసి, మూతి బిగించి ముడేసి ఇస్తారు. పక్కనే పుల్కాలు కాల్చే పొయ్యి. ఇంటికెళ్లి కుక్కర్లో అన్నం పెట్టుకుంటే భోజనం సిద్ధం. పూర్తిగా ఇంటి వంట కాదు, పూర్తిగా హోటలు తిండీ కాదు. ఎక్కువ సమయం తినే కూర పని బయటికి పోయి, తేలికైన అన్నం పని ఇంట్లో మిగిలింది. పెరుగు ప్యాకెట్లు, స్వగృహ దుకాణాల జంతికలు, అరిసెలు, పొడులు, పచ్చళ్లు కూడా ఈ కోవలోవే.

మూడు పక్షాలూ దీన్ని ఎలా చూస్తాయో పోల్చడం ఉపయోగకరం. చాకిరీ ప్రశ్న అడిగేవాళ్లకు ఇది ఊరట. ఉద్యోగం నుంచి ఏడింటికి ఇల్లు చేరిన స్త్రీకి గంట కలిసొస్తుంది. అయితే అక్కడ వండుతున్నదీ చాలాచోట్ల స్త్రీలే, వాళ్ల ఇంట్లో వంట వేరే ఉంటుంది. ఖర్చు లెక్క వేసేవాళ్లకు ఇది హోటలు కంటే చవక, ఇంటి కంటే ఖరీదు. నలుగురికి సరిపడా కొనాలంటే తేడా పెద్దదవుతుంది, ఒక్కరో ఇద్దరో ఉంటే ఇంట్లో వండటం కంటే కలిసొచ్చే రోజులూ ఉంటాయి. ఆరోగ్యవాదుల అభ్యంతరమే బలమైనది: కూర మీద తేలే నూనె, నాసిరకం నూనె, వేడి సాంబారు పోసిన ప్లాస్టిక్ కవరు. వ్యాపార వంటల్లో పదేపదే కాగిన నూనెకు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నుంచి పరిమితి పెట్టింది, కానీ కాలనీ మలుపులోని బాణలి దాకా తనిఖీ రావడం అరుదు. కర్రీ పాయింటును తిట్టేవాళ్లు దాన్ని మూయించలేరు. దాన్ని బాగుచేయడం మాత్రం సాధ్యం. స్టీలు టిఫిను గిన్నె తెచ్చుకున్నవాళ్లకు కాస్త తగ్గించి ఇవ్వడం, ఏ నూనె వాడుతున్నారో బోర్డు మీద రాయడం పెద్ద ఖర్చు కాదు.

సంచీ మారింది

వంటింటి బయట, సరుకుల దగ్గర వచ్చిన మార్పుల మీద చర్చ చాలా తక్కువ. నిజానికి ఇంట్లో ఏం వండుతారన్నది అక్కడే నిర్ణయమవుతుంది. ఒకప్పుడు నెల మొదటి వారంలో చిట్టీ రాసి పచారీ కొట్టులో ఇస్తే, కందిపప్పు నుంచి ఇంగువ దాకా పొట్లాలు కట్టి, ఖాతాలో రాసుకుని, కొసరు వేసి పంపేవారు. నెలంతటి వంట ఆ చిట్టీలో ముందే ఆలోచించి పెట్టినట్టు. రైతు బజారులో ధరల బోర్డు చూసుకుని కూరగాయలు ఏరుకునేవారు. టోకు ధరకు పైన, చిల్లర ధరకు కింద ఉండే ఆ ధర ఇటు కొనేవాళ్లకు, అటు పండించేవాళ్లకు మేలు చేసింది. రైతుల పేరుతో దళారులు చొరబడటం ఆ బజార్లను మొదటి నుంచీ వేధిస్తున్న సమస్య. హైదరాబాద్‌లో 2006 చివర రిలయన్స్ ఫ్రెష్ మొదటి దుకాణాలు తెరిచినప్పుడు పచారీ కొట్లు మూతపడతాయని భయపడ్డారు. చాలావరకు నిలబడ్డాయి. పాత కొట్టుకు ఇప్పుడు అసలు పోటీ పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లతో.

సర్కారు నిబంధనలూ సంచీని మార్చాయి. విడి నూనె అమ్మకాన్ని 2011 నిబంధనలు నిషేధించాయి, కల్తీ అరికట్టడానికి. రోజుకు పది రూపాయల నూనె కొనుక్కునే ఇంటికి అది కష్టమైంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యం, పప్పులకు 5 శాతం జీఎస్టీ వచ్చింది. వెంటనే బజారులో 26 కిలోల బియ్యం బస్తా కనిపించింది. 2025 ఉగాది నాడు తెలంగాణలో రేషన్ షాపుల్లో సన్నబియ్యం పంపిణీ మొదలయ్యాక చాలా ఇళ్లు కొనే బియ్యం తగ్గింది, మిగిలిన డబ్బు పప్పుకూ కూరకూ వెళ్తోందా అన్నది చూడాల్సిన సంగతి. 2023 జూలైలో కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపినప్పుడు అమెరికాలో ఇండియన్ స్టోర్ల ముందు తెలుగువాళ్లు సోనా మసూరి బస్తాల కోసం క్యూలు కట్టారు. సముద్రాలు దాటినా ఇంటి వంట ఒక రకం బియ్యం మీద ఎంత ఆధారపడిందో ఆ క్యూలు చెప్పాయి.

యాప్‌ల విషయంలో ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పొచ్చు. నెల చిట్టీ పోయి, అప్పటికప్పుడు తెప్పించుకునే అలవాటు వచ్చాక ఇంట్లో ముందు ఆలోచన తగ్గుతోంది. పప్పు నానబెట్టడం గుర్తుండదు, కొత్తిమీర కట్ట కోసం తెరిచిన యాప్‌లో బిస్కెట్లూ చేరతాయి. దీన్ని సోమరితనమని కొట్టిపారేయడం తప్పు. ముందు ఆలోచనంతా ఒక్కరి నెత్తిన ఉన్న ఇంట్లో ఆ ఒక్కరికి యాప్ పెద్ద ఆసరా.

ఇంకా తేలనివి

ఇడ్లీ పిండి, పచ్చళ్లు, కారప్పొడులు లాంటి మన ఆహారాలకు ఏ గీత దాకా ప్రాసెసింగ్ సరే, ఏ గీత దాటితే ముప్పు అన్నది ఇక్కడి పరిశోధనతోనే తేలాలి, బ్రెజిల్ కొలబద్దను అరువు తెచ్చుకుంటే చాలదు. కర్రీ పాయింటు కూరలో ఉప్పు, నూనె ఎంతో, ఇంటి కూరతో పోలిస్తే ఎంత తేడానో తార్నాక సంస్థ లాంటిది కొలిచి చెబితే సగం వాదన అక్కడే ముగుస్తుంది. వంట నేర్పే చదువు బడిలో మగపిల్లలకు కూడా ఉండాలా అన్న ప్రశ్నకు అందరూ ఔనంటారు, అది పాఠ్యప్రణాళికలోకి మాత్రం రావడం లేదు. ఈ మూడింట్లో మూడోదే ఎక్కువ ముఖ్యమైనది. తవుడు తీయని బియ్యం, సిరిధాన్యాలు, రోజుకు 400 గ్రాముల కూరగాయలు వంటి మంచి సలహాలన్నీ ఇంకో మనిషి గంటల్ని తెచ్చిపెట్టమంటున్నాయి. ఆ గంటలు ఇప్పటికే నిండిపోయిన స్త్రీల రోజులో లేవు.

సమయ వినియోగ సర్వే రోజును అరగంట గడులుగా విడగొట్టి ఏ గడిలో ఏ పని చేశారో రాస్తుంది. తరగడం, వండటం, తోమడం, కొనడం అందులో పడతాయి. ఉప్పు అయిపోవచ్చిందని గమనించడం, రేపటి టిఫినుకు మినప్పప్పు నానబోయాలని బస్సులో గుర్తుతెచ్చుకోవడం ఏ గడిలోనూ పడవు. తర్వాతి సర్వేలోనైనా ‘ఇంట్లో సరుకులు అయిపోతున్నాయని ముందుగా గమనించేది ఎవరు, రేపు ఏం వండాలో నిర్ణయించేది ఎవరు’ అన్న రెండు ప్రశ్నలు చేరిస్తే, మగవాళ్ల పేరున రాసుకున్న ఆ 88 నిమిషాల్లో చెప్పిన సరుకులు తెచ్చిపెట్టడం ఎంతో, వంట బాధ్యత మోయడం ఎంతో విడివిడిగా తెలుస్తుంది.